నాలుగున్నర బస్సుకు దిగినవాళ్లు

కొట్టాలపల్లెకు యాడికి అనే ఊరి నుంచి రోజుకు రెండే బస్సులు. పొద్దున ఏడింటి బస్సు పాలక్యాన్లను, కాలేజీ పిల్లలను ఎక్కించుకుని పోతుంది. సాయంత్రం నాలుగున్నర బస్సు ఎరువు మూటలను, సంత సంచులను, ఏడాదికి ఒకటి రెండుసార్లు తిప్పేస్వామి వేషాలను దించి పోతుంది.

తిప్పేస్వామి ఆ ఊరివాడే. సినిమాల్లో వేస్తాడు. పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఒక గదిలో ఉంటున్నాడు. అతని భార్య భారతి, వరసకు మేనత్త కూతురు, ఊళ్లోనే ఉండి నాలుగెకరాల వేరుశనగ చేను చూసుకుంటుంది. ఒక్క మంచి వేషం దొరకగానే పట్నంలో ఇల్లు తీసుకుని పిలిపించుకుంటానని మొదటి రెండేళ్లు అతనన్నాడు. చేను బీడు పెట్టి రానని తర్వాత రెండేళ్లు ఆమె అన్నది. ఆపైన ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు.

సినిమావాళ్లకు ఒక ఆచారం ఉంది. షూటింగు ఆఖరి రోజున కెమెరా ముందు గుమ్మడికాయ కొడతారు. అది కొట్టిన రోజే, ఆ సినిమాలో తిప్పేస్వామి ఏ మనిషిగా వేశాడో ఆ మనిషి నాలుగున్నర బస్సుకు కొట్టాలపల్లెలో దిగుతాడు. మొహం తిప్పేస్వామిదే. మనిషి మాత్రం వేరు.

మొదట దిగింది ఒక రౌడీ. మెడలో ఎర్ర తువ్వాలు, చేతిలో వేటకొడవలి, చొక్కా మీద రంగు నెత్తురు. భారతి ఆ పూట బస్టాపు దగ్గర బడ్డీ కొట్టులో సబ్బు కొంటూ వాణ్ణి చూసింది. మొహం గుర్తుపట్టి, "రాప్పా, ఇంటికి పోదాం" అని వెంటపెట్టుకుని వచ్చింది. ఆ సినిమాలో వాడికి ఉన్నది ఒకటే మాట, "అన్నా, వాళ్లొస్తాండారు" అని. దారి పొడుగునా అదే అన్నాడు. పక్కింటి గంగక్క అరుగు మీద నుంచి చూసి, "కాళ్లకు నీళ్లియ్యి మే, దూరం నుంచి వచ్చినాడు" అన్నది.

ఆ తర్వాత కానిస్టేబులు వచ్చాడు. తాగుబోతు వచ్చాడు. లారీ డ్రైవరు, బంట్రోతు, ఇంకో ఐదుగురు రౌడీలు వచ్చారు. కరువుకు ఎద్దులను అమ్మేశాక కొట్టం ఖాళీగా ఉండేది. దాన్ని ఊడ్చి, అలికి, చాపలు వేసి భారతి వాళ్లకు ఇచ్చింది. బస్సు కండక్టరు వెంకటేశులు వాళ్ల దగ్గర టికెట్టు అడగడం మానేశాడు. వాళ్ల జేబుల్లో ఉండేవి షూటింగు నోట్లు. "మన తిప్పేస్వామి మనుషులే కదప్పా" అని వెనక సీటు చూపించేవాడు.

తిండి సమస్య పెద్దగా రాలేదు. సినిమాలో తిండి సీను లేనివాడికి ఆకలి ఉండేది కాదు. తాగుబోతుకు మాత్రం ఒక కోడికూర సీను ఉండటంతో రోజూ కోడికూర అడిగేవాడు. ఆదివారం వండి పెడతానని భారతి మిగతా ఆరు రోజులు సముదాయించేది.

అసలు కష్టం వేరే. వచ్చినవాళ్లకు సినిమాలో ఎంత ఉందో అంతే వచ్చు. కానిస్టేబులుకు ఒక ఇంటి ముందు నిలబడటం తప్ప ఇంకేమీ రాయలేదు కాబట్టి, అతను చేని గట్టున నిలబడి ఉండేవాడు. ఎండకూ గాలికీ కదిలేవాడు కాదు. అడవిపందులు రాకుండా పనికొచ్చాడు, అది వేరే సంగతి. రౌడీలకు కొడవళ్లు ఉన్నాయి కదా కోతకు పనికొస్తారని భారతి ఆశపడింది. వాళ్లు చేలోకి దిగి ఒకరినొకరు చూసుకుని గుర్రుమన్నారు తప్ప ఒక్క మొక్క పీకలేదు.

ఒక ఆదివారం ఫోనులో ఆమె తిప్పేస్వామిని నిలదీసింది.

"పదిమంది ఉండారు బావా కొట్టంలో. ఒగనికన్నా పని వచ్చునా? ఈసారి వచ్చేటోనికి ఏదన్నా నేర్పించి పంపు."

"నేనేం చేసేది మే? డైరెక్టరు రాసింది చెప్తా, పోతా."

"నువ్వు రాయి."

తిప్పేస్వామి రచయిత కావడానికి ఇదే కారణం. ఇంటర్వ్యూల్లో మాత్రం చిన్నప్పటి నుంచీ పుస్తకాల మీద ప్రేమ అని చెప్పేవాడు.

మొదట దివాకర్ అనే దర్శకుణ్ణి బతిమాలాడు. ఆ సినిమాలో తిప్పేస్వామి రెండో రీలులోనే చచ్చిపోయే రౌడీ. చచ్చేముందు ఒక్క మాట చెప్తానన్నాడు. సరే చెప్పమన్నారు. కత్తిపోటు పట్టుకుని, "బోరు మోటర్లు బాగుచేసుకుంటా బతికేటోన్ని అన్నా, ఈ కత్తి ఎందుకు పట్టినానో" అని కళ్లు మూశాడు. దివాకర్ కట్ చెప్పాడు. తర్వాత, "ఆ చచ్చేవాడికి ఒక బతుకు తెచ్చావయ్యా" అని భుజం తట్టాడు.

గుమ్మడికాయ కొట్టిన రోజు ఆ రౌడీ బస్సు దిగి, కడుపులో కత్తితోనే గంగక్క చేనికి పోయి, మూడు నెలలుగా కాలిపోయి పడున్న మోటరు విప్పి, తీగ చుట్టి బిగించాడు. నీళ్లు పడ్డాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా మోటర్లు మోసుకొచ్చారు.

దానితో తిప్పేస్వామికి పరిశ్రమలో పేరు వచ్చింది. చిన్న వేషాలకు ప్రాణం పోస్తాడని అన్నారు. ముందు తన మాటలు తను రాసుకున్నాడు, తర్వాత పక్కవాళ్లవి, ఆ తర్వాత మొత్తం సినిమాలే రాశాడు. ఊరికి కావలసినవాళ్లంతా ఒక్కొక్కరుగా బస్సు దిగారు. సూదిమందు వేసే కాంపౌండరు వచ్చాడు. కుట్టుమిషను తొక్కేవాడు వచ్చాడు. గుళ్లో గంట కొట్టి మంత్రాలు చదివే పూజారి వచ్చాడు.

పూజారి ఎక్కువ రోజులు ఉండలేదు. ఒక పొద్దున గంట మోగుతూ మోగుతూ మధ్యలో ఆగిపోయింది. భారతి పోయి చూస్తే గుడి గడప మీద గంట పడి ఉంది, మనిషి లేడు. సాయంత్రం తిప్పేస్వామి ఫోను చేసి చెప్పాడు. సినిమా పొడుగైందని ఎడిటింగులో పూజారి సీన్లు తీసేశారట. భారతికి దుఃఖం వచ్చింది. ఆ మనిషి పోయినందుకు ఎంతో, ఎవరో ఎక్కడో కూర్చుని ఇంత తేలిగ్గా తీసేయగలిగినందుకు అంత. ఆ గంటను తెచ్చి గూట్లో పెట్టుకుంది.

కొట్టంలో పదహారు మంది అయ్యారు. అందరికీ తిప్పేస్వామి మొహమే. తిప్పేస్వామి మాత్రం పోయిన మూడేళ్లలో ఒక్కసారి వచ్చాడు, అదీ ఒక పూట.

ఒక ఆదివారం భారతి ఫోనులో, "బావా, నువ్వే ఒక సినిమా తీస్తాండావంట కదా" అన్నది.

"ఊ. రాసేదీ నేనే, తీసేదీ నేనే, వేసేదీ నేనే."

"అట్లయితే ఈసారి ఇంట్లో ఉండేటోన్ని రాయి."

అంతకు మించి ఆమె అడగలేదు. తిప్పేస్వామి అర్థం చేసుకున్నాడు, కాకపోతే తనకు వీలైనట్టు అర్థం చేసుకున్నాడు. కథలో ఇద్దరన్నదమ్ములు. కరువొస్తే పెద్దవాడు పట్నం పోయి సినిమాల్లో చేరతాడు. చిన్నవాడు మల్లికార్జున ఊళ్లో ఉండిపోతాడు. రెండు వేషాలూ తనే వేశాడు. పెద్దవాడికి ఏం పేరు పెట్టాలో తోచక తన పేరే పెట్టాడు. తన గదిలోనే ఆ సీన్లు తీశాడు, తన చొక్కాలే వేసుకున్నాడు. చిన్నవాడి కోసం మాత్రం చాలా శ్రమపడ్డాడు. భార్యకు తను ఏమేం చేయలేదో గుర్తుచేసుకుని అవన్నీ మల్లికార్జున చేత చేయించాడు. మల్లికార్జున పొద్దున్నే లేచి నీళ్లు తోడతాడు. భార్యను "తిన్నావా" అని అడుగుతాడు. ఆమె ఏం వండినా "బాగుండాది" అంటాడు. సాయంత్రం ఆమె పక్కన కూర్చుని చేను వైపు చూస్తాడు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ఇక భారతికి ఏ లోటూ ఉండదని అతనికి నిజంగానే అనిపించింది.

గుమ్మడికాయ కొట్టిన రోజు నాలుగున్నర బస్సుకు మల్లికార్జున ఒక్కడే దిగాడు. గళ్ల లుంగీ, భుజాన పచ్చ తువ్వాలు. మిగతావాళ్లను ఎవరో ఒకరు పిలుచుకుని రావాల్సి వచ్చేది. ఇతను ఎవరినీ దారి అడగకుండా నేరుగా ఇంటికి వచ్చి, బిందె తీసుకుని నీళ్లకు పోయాడు. బస్టాపులో నిలబడ్డ భారతి, అన్న వేషం కూడా దిగుతుందేమోనని బస్సులోకి తొంగి చూసింది. లేడు. పట్నం పోయినవాడు పట్నంలోనే ఉన్నాడు, వాడు వేరేగా బస్సెక్కవలసిన పనేముంది.

మల్లికార్జునను కొట్టంలో పడుకోబెట్టడానికి ఆమెకు మనసు రాలేదు. పంచలో మంచం వేసింది.

భారతి చేసే ఊరుబిండి పచ్చడి మీద పెళ్లయిన కొత్తలో తిప్పేస్వామి రోజూ గొడవపడేవాడు. చింతపండు తక్కువేస్తుందని అతని ఫిర్యాదు. ఎక్కువ వేస్తే వేరుశనగ రుచి చచ్చిపోతుందని ఆమె వాదన. ఆ గొడవ పొయ్యి దగ్గర మొదలై చేని దాకా సాగేది. మల్లికార్జున వచ్చిన మర్నాడు ఆమె జొన్నరొట్టెలు చేసి, అసలు చింతపండే వేయకుండా ఊరుబిండి నూరి పెట్టింది. అతను తిని, "బాగుండాది" అన్నాడు. మర్నాడూ వేయలేదు. "బాగుండాది" అన్నాడు. నాలుగు నెలలు అలాగే నూరింది, అతను అలాగే అన్నాడు.

ఇక్కడ ఇలా ఉండగా హైదరాబాదులో సినిమా చిక్కులో పడింది. సీడెడ్‌కు, అంటే సినిమావాళ్ల భాషలో రాయలసీమకు, ఆ సినిమా కొంటానన్నది అనంతపురంలో బట్టల కొట్టున్న నాగేశ్వరయ్య. ఆయన రెండు గంటల నలభై నిమిషాలూ ఓపిగ్గా చూసి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇరవై నిమిషాలు తగ్గించప్పా. ఆ ఊర్లో ఉండేటోడు నీళ్లు మోసేది, రొట్టె తినేది ఎవరు చూస్తారు? ఊర్లల్లో అదే కదా చూస్తాండేది. వాన్ని తీసేయి. పట్నం వానికి పాటలుండాయి, ఫైటుండాది, బాగుండాడు."

ఎడిటరు మహేశ్వరి కూడా లెక్కచూసి, మల్లికార్జునను తీసేస్తే సరిగ్గా ఇరవై రెండు నిమిషాలు తగ్గుతుందని చెప్పింది. రెండు రోజులు ఆగమని తిప్పేస్వామి గుత్తి దాకా రైలెక్కాడు. యాడికి చేరి నాలుగున్నర బస్సు పట్టుకున్నాడు. టికెట్టుకు చేయి చాపితే కండక్టరు వెంకటేశులు తీసుకోలేదు.

"వద్దులేప్పా. ఏం సినిమా ఇది? రౌడీవా, పోలీసువా?"

"నేను తిప్పేస్వామిని వెంకటేశులన్నా."

"అందరూ తిప్పేస్వాములే కదప్పా" అని వెంకటేశులు వెనక సీటు చూపించాడు.

ఇంటి ముందు కొట్టంలో, చేని గట్టున నిలబడ్డ కానిస్టేబులు తప్ప, అందరూ వరుసగా కూర్చుని ఉన్నారు. తిప్పేస్వామి ఇన్నేళ్ల తన మొహాలన్నీ ఒక్కచోట చూసుకున్నాడు. మొదటి రౌడీ మొహం మరీ పసిగా ఉంది. భారతి చేటలో కాయలు వొలుస్తూ తలెత్తి చూసి, "ఆడ చాప ఉండాది, ఏసుకోప్పా. తిండి సీనుంటే చెప్పు, రొట్టె పెడతా" అన్నది.

అతను చాప వేసుకుని కూర్చున్నాడు. ఉందన్నాడు. ఆమె రొట్టె, ఊరుబిండి పెట్టింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇందులో చింతపండు ఏసినావా, లేదా? గోడకు పూసే మట్టి మాదిరి ఉండాది."

భారతి చేట కింద పెట్టింది.

"నువ్వేనా బావా" అన్నది.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మల్లికార్జున పెరట్లో నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నాగేశ్వరయ్య ఏమన్నాడో తిప్పేస్వామి చెప్పాడు.

"తీసేస్తే ఆయప్ప పోతాడు కదా" అన్నది భారతి.

"పోతాడు. తీయకపోతే సినిమా పోతాది. పన్నెండేండ్ల కష్టం మే."

"తీసేసేది నాకు చెప్పనీకి వచ్చినావా?"

"నీకు ఆయప్ప కావాల్నా అని అడగనీకి వచ్చినా."

ఆమె చేటలో కాయలను అటూ ఇటూ కదిపింది.

"మంచోడు బావా. పొద్దున్నే లేస్తాడు. తిన్నావా అంటాడు. నాకు జొరమొచ్చి పండుకున్నా తిన్నావా అనే అంటాడు. కోపం లేదు, అలక లేదు. ఇరవై రెండు నిమిషాలు రాసినావు. ఇరవై రెండు నిమిషాలు ఎన్నిసార్లు చూడాల నేను? నాలుగు నెలలాయె, రోజూ అదే సినిమా."

"ఇంకొంచెం రాసుండాల్సింది."

"ఎంత రాసినా ఆయప్ప నువ్వు కాడు. నిన్ను రమ్మని ఎన్నడన్నా అడిగినానా? అడగలే. ఇప్పుడు అడుగుతాండా. నువ్వు రా."

"ఈ సినిమా అయినాక వస్తా."

"కొట్టంలో చూడు, పదారు సినిమాలు అయినాయి."

తిప్పేస్వామికి ఏడుపు వచ్చింది. ఏడుపు సీన్లు అతను బాగా చేస్తాడని పేరు, ఇది మాత్రం బాగా రాలేదు. ముక్కు కారింది. అప్పుడే మల్లికార్జున బిందెతో లోపలికి వచ్చి, భారతి వైపు చూసి "తిన్నావా" అన్నాడు. తిప్పేస్వామి ఆ మనిషి భుజాలు చూశాడు. రోజూ నీళ్లు తోడి గట్టిపడ్డ భుజాలు. తనవి కావలసినవి.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సుకు వెళ్లిపోయాడు. భారతి బస్టాపు దాకా రాలేదు. వచ్చి చూస్తే అది కూడా అలవాటైపోతుందని రాలేదు.

హైదరాబాదులో ఆ మరుసటి రోజు మధ్యాహ్నం మూడింటికి తిప్పేస్వామి ఎడిటింగు గదిలో మహేశ్వరి వెనక కుర్చీలో కూర్చున్నాడు. టీ తెప్పించుకున్నాడు. మహేశ్వరి మౌసు మీద చెయ్యి పెట్టి, "తీసేయమంటారా అండీ తమ్ముణ్ణి?" అని అడిగింది.

"తమ్ముడు ఉండనీ. అన్నను తీసేయండి."

"అన్నంటే మీరే కదండీ హీరో. పాటలు, ఫైటు అన్నీ పోతాయి. తమ్ముడూ ఊరివాళ్లూ కలిపి గంటా నలభై నిమిషాలు మిగులుతుంది. దాన్ని ఎవరు కొంటారు?"

"ఎవరూ కొనకపోవచ్చు."

"ఏ సీను వరకు తీయమంటారు?"

"మొదటి నుంచి చివరి దాకా. పట్నంలో ఎక్కడ కనిపిస్తే అక్కడ."

మహేశ్వరి చాలామంది దర్శకులను చూసింది. ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. సరేనని మొదలుపెట్టింది. పెద్దవాడు రైలెక్కే సీను పోయింది. గదిలో ఒంటరిగా అద్దం ముందు డైలాగు చెప్పుకునే సీను పోయింది. పాటలు పోయాయి, ఫైటు పోయింది. గంట పట్టింది, ఈలోగా తిప్పేస్వామికి రెండో టీ వచ్చింది. ఆఖరున, పెద్దవాడు ఫోనులో భార్యతో "ఈ సినిమా అయినాక వస్తా" అనే ముక్క ఒక్కటి మిగిలింది.

"ఇది కూడానా అండీ?"

"అది ముందు తీసేయాల్సింది" అన్నాడు తిప్పేస్వామి.

ఆమె తీసేసి వెనక్కి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. స్టూలు మీద సగం తాగిన టీ ఇంకా వేడిగానే ఉంది. బయటికి పోయాడేమో వస్తాడులే అనుకుని, సినిమాను మొదటి నుంచి పెట్టుకుని చూసింది. ఒక మనిషి నీళ్లు తోడుతున్నాడు, రొట్టె తింటున్నాడు, భార్య పక్కన కూర్చుంటున్నాడు. బాగానే ఉంది అనుకుంది.

ఆ గంటా నలభై నిమిషాల సినిమాను నాగేశ్వరయ్య తీసుకోలేదు, అది థియేటర్లకూ రాలేదు. ఏడాది తర్వాత ఫోనుల్లో చూసుకునే చోట ఎవరో పెట్టారు. చూసినవాళ్లు చూశారు. రచన, దర్శకత్వం అని పేరు చూసి కొందరు వెతికారు గానీ తిప్పేస్వామి ఫోను నంబరు పనిచేయలేదు.

మహేశ్వరి ఆ ఆఖరి ముక్క తీసేసిన మధ్యాహ్నమే కొట్టాలపల్లెలో భారతి చేని నుంచి పెందలాడే వచ్చింది. రాత్రి మిగిలిన పిండితో రెండు రొట్టెలు కాల్చింది. నాలుగు నెలలుగా నూరినట్టే చింతపండు లేకుండా ఊరుబిండి నూరింది. మల్లికార్జున బిందె దించి, లుంగీకి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. ఆమె కంచం పెట్టి, అతనేమంటాడో తెలుసు కాబట్టి పొయ్యి వైపు తిరిగింది.

వెనక నుంచి ఏ మాటా రాలేదు. తిరిగి చూసింది. అతను కంచం కొంచెం ముందుకు తోసి కూర్చున్నాడు. బిందె మోసి మోసి కాయలు కాచిన అరచేతులను అప్పుడే కొత్తగా చూసుకుంటున్నాడు.

"నిన్నగాక మొన్న చెప్పిపోయినా కదా" అన్నాడు. "చింతపండు వెయ్యనీకి చెయ్యి రాదా నీకు?"

ఆ మాట సినిమాలో లేదు. భారతికి ఆ ఇరవై రెండు నిమిషాలూ అక్షరం పొల్లుపోకుండా తెలుసు. చేతిలోని అట్లకాడ కింద పడింది. అతని ఎదురుగా కూలబడింది.

"తినేటోడు నువ్వో ఆయప్పో నాకెట్ల తెలుస్తాది బావా?" అన్నది. కళ్లు తుడుచుకోలేదు. "రేపట్నుంచి ఏస్తాలే."